మందు కలిపిన చెయ్యి

ఫ్యాను ఆపేయమంది లాయరు రేవతి గారు. దాని చప్పుడుకి ఢిల్లీ వాళ్లకి మన మాట సరిగ్గా వినపడదట. ఆపేశాను, ఆపీ ఆపగానే రేకుల కింద గది పెనంలా కాగడం మొదలుపెట్టింది, చెమట మెడ మీంచి వెన్నులోకి జారుతోంది, జారనీ, చెమటకి భయపడేదాన్నయితే ఇంత దూరం వచ్చేదాన్నే కాదు, బరువు దించడానికి మిట్టమధ్యాహ్నం ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఇసకలో పరుగెత్తిన ఒళ్లు ఇది. బియ్యం డ్రమ్ము మీద లాప్‌టాప్ పెట్టాను. దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకటి నాకు, ఒకటి అమ్మకి. మూడింటికి ఆ తెర మీద ముగ్గురు పెద్దమనుషులు కనబడతారు, నేను ఇకమీదట బాక్సర్నో కాదో తేలుస్తారు. ఇంకో గంట కూడా లేదు. ఇందాకే ఫోన్ చేసింది రేవతి గారు, "వనజాక్షీ, అమ్మకి అంతా చెప్పావు కదా?" అని. "చెప్పాను మేడమ్" అన్నాను. చెప్పలేదు. ఆమె అడిగినప్పుడల్లా ఇదే అబద్ధం ఆడుతున్నాను, రింగులో ఎదురుగా ఉన్నదాన్ని ఏమార్చడం ఎంత తేలికో ఫోన్లో లాయర్ని ఏమార్చడం అంతకంటే తేలిక.

అమ్మ బయట పంచలో కూర్చుని ఎండుచేపలు, నెత్తళ్లు ఏరుతోంది. తడికె సందులోంచి ఆమె వీపు కనబడుతోంది, ఉతికిన జాకెట్టు, తలలో కనకాంబరాలు. కెమెరా ముందు కూర్చోవాలని ముస్తాబైంది. నా కూతురు మంచిది, తాగదు, తినకూడనిది తినదు, అంతవరకు చెబితే చాలని నేనే నూరిపోశాను. కానీ వాళ్లు అడగబోయేది అది కాదు. చేపపిల్లల హేచరీలో నీ పనేంటి, మేతలో మందు దేంతో కలిపేదానివి, ఆ చేత్తో ఇంటికొచ్చి ఏం చేసేదానివి అని అడుగుతారు. ఆ మూడో ప్రశ్న దగ్గర అర్థమవుతుంది ఆమెకి, డోపింగ్ పరీక్షలో నా ఒంట్లో దొరికిన మందు ఎవరి చేతి మీదుగా వచ్చిందో. రేవతి గారు కాగితాల్లో అంతా రాసి పంపేసింది, కాకపోతే అమ్మ నోటితో చెబితేనే ఆ కాగితాలకి బలం, అమ్మ చెప్పకపోతే కట్టుకథ అంటారు. అప్పుడు నాలుగేళ్లు నిషేధం. నాకిప్పుడు ఇరవైతొమ్మిది. నాలుగేళ్లు పోయాక నన్ను రింగు దగ్గరికి పిలిచేదెవరు, గంట కొట్టడానికి పిలుస్తారేమో. అందుకని ఈ గంటలోనే నేను లేచి పంచలోకి వెళ్లి, అమ్మ పక్కన కూలబడి, అమ్మా అది నీ చెయ్యే అని చెప్పాలి. చెప్పు, లే. లేవట్లేదు. కాళ్లు మొండికేశాయి, బ్యాంకాక్‌లో పదో రౌండుకి కూడా ఇంత మొండికెయ్యలేదు.

పైగా ఈ రోజే శ్రీహరికోటలో రాకెట్టు. రాకెట్టు రోజు వేటకి పోనివ్వరు కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగాళ్లంతా ఇళ్లల్లోనే ఉన్నారు, పాలెం పాలెమంతా పనిలేక గోడలకి ఆనుకుని కూర్చుంది, ఈ గదిలో ఎవరైనా దగ్గితే ఆ చివరింట్లో వినబడుతుంది. ఎదురింటి హజరత్తయ్య మావ అయితే కుర్చీ తెచ్చి మా వాకిలికి ఎదురుగానే వేసుకున్నాడు, చెవి ఇటే ఉంది. నేను ఆసియా బెల్టు గెలిచి తెచ్చిన రోజు నన్ను ట్రాక్టరు మీద ఊరేగించింది ఈయనే, టీవీలో నా సంగతి వచ్చిన రోజు మొదట కాండ్రించి ఊసిందీ ఈయనే. ఈయన్ని అని ఏం లాభం. వల నిండితే గంగమ్మ తల్లి అంటారు, చిరిగితే పాడు సముద్రం అంటారు, మనుషులు అంతే.

వాళ్లని వదిలేయొచ్చు.  అమ్మ నాకు ముద్ద పెట్టి నెల దాటింది. అన్నం పెట్టకపోవడం కాదు, పెడుతుంది, గరిటెతో. మా పాలెంలో వేటకి పోయే మనిషికి ఇంటి ఆడది తన చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టి పంపుతుంది, వాడు మీసాలొచ్చిన మొగుడైనా సరే, మనవలున్న తండ్రైనా సరే, ముద్ద తినకుండా పడవెక్కితే వల ఖాళీగా వస్తుందని నమ్మకం. నేను పడవెక్కను. అయినా మొదటిసారి గుంటూరులో పోటీకి పోతున్నప్పుడు బస్సు హారన్ కొడుతుంటే వెనకాల పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి నా నోట్లో ముద్ద కుక్కింది, కొట్లాటకి పోయినా వేటకి పోయినట్టే మే, అంది. అప్పట్నించి ఏ పోటీకీ ఆ ముద్ద లేకుండా పోలేదు. ఇప్పుడు కంచం తెచ్చి నేల మీద పెట్టి, గరిటెతో అన్నం, గరిటెతో పులుసు వేసి, చెయ్యి చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంటుంది. తల దువ్వదు, నూనె రాయదు, నేను దగ్గరికి జరిగితే తను ఇంకాస్త జరుగుతుంది. టీవీలో కూర్చుని ఎవరెవరో నేను ఆడదాన్నో కాదో తేల్చిన వారం నుంచి మొదలైంది ఇది. హేచరీ పని కూడా ఆ వారమే మానేసింది, మోకాళ్ల నొప్పులు అంది, మోకాళ్లు కాదు, తోటి ఆడవాళ్ల మధ్య తలెత్తుకోలేక అని నాకు తెలీదా. ప్రపంచమంతా రోత పడితే పడింది. కన్నతల్లికి కూడా నన్ను ముట్టుకోవాలంటే రోత పుట్టింది చూడండి, అది నేను ఓర్చుకోలేకపోతున్నాను.

అలాంటి అమ్మని కాపాడాలని ఎందుకింత తాపత్రయం అంటే, చెప్పలేను. ఒకసారి ఆమె వేసిన నూకలు తిని పెట్టకోడి చచ్చింది, ఆ నూకల్లో ఎలుకల మందు కలిసిందని తర్వాత తెలిసింది. కోడికే ఎన్ని రోజులో అన్నం మానేసింది. నూకల డబ్బా సముద్రంలో పారేసి వచ్చింది. కోడికే అలా అయితే నా సంగతి తెలిస్తే తననేం చేసుకుంటుంది. నాయన కూడా దగ్గర లేడు, చెన్నై కాసిమేడులో పెద్ద బోట్ల మీద పనికి పోయి పండక్కి వస్తాడు, ఆయనుంటే ఆయన చేత చెప్పించేదాన్ని.

చేతులు దించావో చచ్చావే, అనేవాడు చంద్రమౌళి సార్. కోట హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఒడ్డున చేపల వేలంపాట జరుగుతుంటే నా బుట్టలో చెయ్యిపెట్టి పెద్ద చేప లాగిన ఒక వ్యాపారి మనిషిని నేను కొట్టిన రోజు, సార్ కూరకి చేపలు కొనడానికి వచ్చి ఉన్నాడు. వాడు ఇసకలో కూర్చుండిపోయాడు, పాపం ఎందుకు కూర్చున్నాడో వాడికే అర్థం కాలేదు. సార్ నా దగ్గరికొచ్చి, కోప్పడతాడనుకున్నాను, పిడికిలి తిప్పి చూసి, బొటనవేలు లోపల పెట్టి కొట్టావేమే, విరుగుతుంది, అన్నాడు. అంతే, అదే నా మొదటి పాఠం. చిరిగిన వలలో ఊక కూరి, గోతం చుట్టి, సరుగుడు చెట్టుకి వేలాడదీశాడు, దాన్నే కొట్టాను ఏళ్లపాటు. నేను గెలిచినప్పుడల్లా, తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు, ఎగరమాక, అనేవాడు, ఓడినప్పుడు మాత్రం ఏమీ అనేవాడు కాదు, టీ ఇప్పించేవాడు. పోయినేడు గుండెపోటుతో పోయాడు సార్. ఉంటే ఈ రెండో కుర్చీలో ఆయన కూర్చునేవాడు. కాదు, కూర్చోడు, నిలబడే ఉంటాడు.

వివాదాల బాక్సర్ అంటారు నన్ను పేపర్లో, ఇంటిపేరులా అతికించేశారు. మొదటిది నోటి వల్ల వచ్చింది. దేశం జట్టుకి ఎంపిక పోటీల్లో నేను కొట్టిన అమ్మాయి పేరు జాబితాలో ఉంది, నా పేరు లేదు. మైకు పెడితే, ఇది ఎంపిక కాదు, దొంగతనం అన్నాను, దొంగల పేర్లు కూడా చెప్పాను. క్రమశిక్షణ లేదని సస్పెండ్ చేశారు. సరే పొండి అని ప్రొఫెషనల్‌లోకి దూకాను, అక్కడ జాబితాలుండవు, టికెట్టు కొన్న జనం ఉంటారు, జనానికి రక్తం కావాలి. బ్యాంకాక్‌లో ఆసియా బెల్టు గెలిచినప్పుడు ముగ్గురు జడ్జీల్లో ఇద్దరే నాకిచ్చారు, హాలంతా ఊళ పెట్టింది, గెలిచిందా గెలిపించారా అని ఇక్కడ పేపర్లు రాశాయి. నా ఎడమకన్ను మూసుకుపోయి ఉంటే, మూసుకుపోయిన కన్ను వైపు బెల్టు ఎత్తి ఫోటో దిగాను, కావాలనే. ఆ తర్వాత చెన్నైలో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయితో పోటీ. గంట మోగడమూ నా కుడిచెయ్యి తగలడమూ ఒకేసారి జరిగాయి, గంటకి ముందు బయల్దేరిన దెబ్బ గంట తర్వాత దిగింది, మధ్యలో దాన్ని ఆపడం దేవుడి తరం కూడా కాదు. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను అన్నం సరిగ్గా తినలేదు, అది ఎవడూ రాయలేదు, విలేకరి అడిగితే కొట్టడానికేగా రింగెక్కింది అన్నానే, అది మాత్రం అన్ని భాషల్లోనూ రాశారు. కోలుకుని ఆ అమ్మాయే నాకు మెసేజి పెట్టింది, నీ దెబ్బ రావడం చూశాను గానీ నా చేతులు లేవలేదు అని. ఆ మాట ఒక్కటే నన్ను మనిషిలా ఉంచింది.

అప్పట్నించే గుసగుసలు. ఆడది అలా కొడుతుందా. ఆ భుజాలేంటి, ఆ గొంతేంటి, పై పెదవి మీద ఆ నూగేంటి. పాలెంలో అయితే చిన్నప్పట్నించీ మగరాయుడే నా పేరు. ఒకసారి కుళాయి దగ్గర ఎవరో ఆ మాట అంటే అమ్మ బిందె కింద పెట్టి, మగపిల్లోడైతే పడవెక్కేవాడు, నా బిడ్డ ఇమానం ఎక్కింది, మీదేది ఎక్కిందో చెప్పండి, అంది.  ఆ అమ్మ ఏది. గరిటె పట్టుకున్న ఈ అమ్మ ఎవరు.

ఫోన్ మోగుతోంది, మళ్లీ రేవతి గారే. ఎత్తను. ఇంకా టైముంది. గొంతు ఎండిపోయింది, పొద్దున్నించి ఏమీ తినలేదు, నీళ్లు తాగాలంటే పంచలో కుండ దగ్గరికి పోవాలి, పోతే అమ్మ మొహం చూడాలి. తాగకుండా ఉండగలను, అలవాటే. తూకం ముందు రోజు నోరు పుక్కిలించి ఊసేయడమే గానీ మింగడం ఉండదు. ఆకలిని పెంపుడు కుక్కలా పక్కన కూర్చోబెట్టుకోవడం నాకు తెలుసు. దాన్ని పిలవకూడదు, అంతే.

ఆ నెల, బెల్టు రెండోసారి నిలబెట్టుకునే పోటీకి ముందు నెల, ఇక్కడే ఉండి తయారయ్యాను. చెన్నై జిమ్ములో అందరి కళ్లూ నా మీదే, ఇక్కడైతే ఇసక, సరుగుడు తోపు, సార్ వేలాడదీసిన గోతం. అదే పొరపాటయింది. పొరపాటని ఎలా అనను, అమ్మ దగ్గరుండటం పొరపాటా. రెండు చేతుల కణుపులూ వాచిపోయాయి, పొద్దున సాధన కాగానే ఐసు బకెట్లో మణికట్టు దాకా ముంచి కూర్చునేదాన్ని, వేళ్లు ముడుచుకునేవి కావు, చెంచా కూడా పట్టుకోలేను. మధ్యాహ్నం అమ్మ హేచరీ నుంచి వచ్చేది. చెరువుగట్టు నుంచి సరాసరి ఇంట్లోకి, కొంగుతో మొహం తుడుచుకుని, అయ్యో నా బిడ్డ ఆకలితో ఉంది అంటూ, సద్దన్నం కుండలో చెయ్యి పెట్టి పిసికేది, నీళ్లూ అన్నమూ కలిసిపోయేదాకా పిసికి, కాల్చిన నెత్తళ్లు నలిపి, ముద్ద చేసి నా నోట్లో. ఇంకో ముద్ద. వేళ్ల సందుల్లో ఉన్నదంతా కూడదీసి ఆఖరి ముద్ద. ఎంత హాయిగా ఉండేదో. ఇరవైతొమ్మిదేళ్ల దాన్ని, ఆసియా ఛాంపియన్ని, చేతులు బకెట్లో పెట్టుకుని పిచ్చుకపిల్లలా నోరు తెరుచుకుని కూర్చునేదాన్ని.

ఆ చేతులు పొద్దుటంతా చేసిన పనేంటో అప్పుడు నేను అడగలేదు. ఏం అడుగుతాను, మేత కలుపుతుంది, అంతే కదా. జిలేబి చేపల హేచరీ అది, ఇంగ్లీషులో తిలాపియా అంటారు. ఆ చేపల్లో ఆడది గుడ్లు పెట్టుకుంటూ పిల్లల్ని సాకుతూ కూర్చుంటుందట, పెరగదట, మగది అయితే బరువొస్తుందట. అందుకని పిల్లలు గుడ్డులోంచి బయటపడ్డ కొత్తలోనే మేతలో మగ మందు కలిపి పెడతారు, ఆడపిల్లలన్నీ మగపిల్లలై పెరుగుతాయి. పొడిని స్పిరిట్‌లో కరిగించి, మేతపిండి మీద పోసి, పిసికి, నీడన ఆరబెట్టాలి. టీవీ గొడవ జరిగిన వారమే రేవతి గారు కేసు కోసం మా ఇంటికి వచ్చింది, ఆ రోజు అమ్మ ఇదంతా ఆవిడకి ఎంత గొప్పగా చెప్పిందో, చపాతీ పిండి కలిపినట్టు కలపాలమ్మా, ఉండలు కడితే సగం చేపలు ఆడవిగానే ఉండిపోతాయి, నా చెయ్యి పడితే ఒక్కటి తప్పదు, అని. రేవతి గారు రాసుకోవడం ఆపేసి, చేత్తోనే కలుపుతారా అమ్మా, అనడిగింది. ఊ, చేత్తోనే. అప్పుడు నాకేమీ తట్టలేదు. కారెక్కి నెల్లూరు చేరాక ఫోన్ చేసి చెప్పింది, నీ మూత్రం శాంపిల్లో దొరికిన మందూ, ఆ మేతలో కలిపే మందూ ఒకటే వనజాక్షీ, ఏమాత్రం అంటినా చాలు, పరీక్షకి దొరికిపోతుంది. ఆవిడ గొంతులో సంతోషం. దారి దొరికిందని. నేను ఫోన్ పట్టుకుని సరుగుడు తోపులో నిలబడిపోయాను, ముందు నవ్వొచ్చింది, పిచ్చినవ్వు, ఊరంతా మగరాయుడు మగరాయుడు అని నోరు నొప్పిపెట్టేలా అన్నారు, చివరికి నాకు నిజంగానే మగ మందు పెట్టింది ఎవరంటే కుళాయి దగ్గర నా కోసం బిందె దించిన మా అమ్మ. ఆ తర్వాత గోతాన్ని కొట్టాను. గ్లవ్స్ లేకుండా, కణుపుల తోలు ఊడేదాకా కొట్టాను.

తేల్చుకున్నాను. చెప్పను. తెలీదు అంటాను. మందు ఎలా వచ్చిందో నాకు తెలీదండీ, మా లాయరు రాసింది ఊహండీ, మా అమ్మని అడగొద్దండీ. అద్దంలో చూసుకుంటూ నోట్లో నోట్లోనే అని చూశాను, తెలీదండీ. బాగానే వచ్చింది. నాలుగేళ్లు పోతాయి, పోనీ, బెల్టు ఎలాగూ లాక్కున్నారు. మంచి దెబ్బ తగిలేటప్పుడు తప్పించుకునే వీలు లేకపోతే, ఎక్కడ తగిలితే తక్కువ నష్టమో అక్కడ తగిలించుకోవాలి, అదీ సార్ చెప్పిందే. నాకు తగిలితే నేను లేస్తాను. ఆమెకి తగిలితే లేవదు. లేవదు, నాకు తెలుసు. అయితే నా గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది, తేల్చుకున్నాక నెమ్మదించాలి కదా. నెమ్మదించట్లేదు. నాకు నా ఆట కావాలి. అమ్మా కావాలి, ఆటా కావాలి, అడకత్తెరలో పోకచెక్క అంటే ఇన్నాళ్లూ వినడమే, ఇప్పుడు కటక్‌మనే చప్పుడు కోసం చూస్తున్నాను.

రేకులు గజగజలాడాయి. గిన్నెలు ఒకదాన్నొకటి తాకాయి, లాప్‌టాప్ డ్రమ్ము మీద వణికింది, రాకెట్టు లేచింది. పాలెమంతా ఒడ్డు వైపు కదిలింది, చూడ్డానికి కాదు, అది మాకు కొత్తా, అది పోతే సముద్రం తెరుచుకుంటుంది, పడవలు తొయ్యొచ్చు. హజరత్తయ్య మావ కూడా కుర్చీ మడిచి పంచె ఎగ్గట్టాడు. ఉరుము తగ్గి తగ్గి దక్షిణంగా పోయింది. పిల్లల అరుపులు కూడా దూరమయ్యాయి. అప్పుడు అమ్మ లోపలికి వచ్చింది, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"టైమైంది కదా?" అంది.

"అమ్మా, నువ్వు రావద్దులే. నేను ఒక్కదాన్నే మాట్లాడతా. నువ్వు బయట ఉండు."

"ఏం, నా చెయ్యి సంగతి దాచేదానికా?"

 గంట తర్వాత దిగిన దెబ్బ ఎలా ఉంటుందో ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయిని అడగక్కర్లేదు ఇక.

"లాయరమ్మ వచ్చినాదే, చేత్తోనే కలుపుతారా అని అడిగినాదే, అప్పుడే పట్టుకున్నా. తెల్లారి పొయ్యి ఆడుండే సూపర్‌వైజర్ని నిలదీసినా, ఆడోళ్లు ముట్టుకోకూడని మందు అంట, గ్లోజులు ఇచ్చినాం కదా అన్నాడు. ఇచ్చినారు, లేదని యాడ అన్నా, చెమటకి జారిపోతా ఉంటే నేనే తీసేసినా. ఆ రోజే పని మానేసినా. నువ్వు చెప్తావు, చెప్తావని చూస్తా ఉండా. నువ్వు చూస్తే నోరు తెరవవు."

"తెలిసి కూడా, నన్ను ముట్టుకోకుండా, గరిటెతో..." ఆమె వైపు తిరిగాను. "నేను ఆడదాన్ని కాదని నువ్వూ నమ్మినావనుకున్నా."

అమ్మ నా వంక చూసింది. అంత విచిత్రమైన మాట తన జన్మలో విననట్టు చూసింది. కొంగు విప్పి చేతులు చూపించింది. తోలు పగిలి, వేళ్ల సందుల్లో ఎర్రగా పుండ్లు పడి ఉన్నాయి. చాకలిసోడా, బూడిద, నిమ్మతొక్క, ఏది దొరికితే దాంతో తోమింది, ఈ నెలంతా, నేను చూడకుండా. "ఎంత తోమినా నమ్మకం కుదరట్లా మే," అంది. "మళ్లా నీకు అంటుకుంటే?"

ఆమెకి నేనంటే రోత అనుకున్నాను. ఆమెకి రోత పుట్టింది తన చేతుల మీద. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద, ఒకరి నుంచి ఒకరం దాచుకుంటూ, నేను ఆమెని కాపాడుతున్నానని నేనూ, నన్ను కాపాడుతున్నానని ఆమే. ఎంత తెలివితక్కువ ఆడవాళ్లం మేమిద్దరం. ఏడుద్దామనుకునే లోపే తెర వెలిగింది.

ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు ఆయన, అటొకరు ఇటొకరు, కింద చిన్న గళ్లలో రేవతి గారు, తెలుగులో చెప్పే ఆయన. పేర్లు అడిగారు. తర్వాత నన్ను, మందు నీ ఒంట్లోకి ఎలా వచ్చిందో నీకు తెలుసా, అన్నారు. తెలీదండీ అని ఎంతగా సాధన చేశానో, ఆ మాట నోటి దాకా వచ్చింది. అమ్మ మోకాలు నా మోకాలికి తగిలింది. నెల తర్వాత మొదటిసారి.

"తెలుసు సార్. మా అమ్మ చెబుతుంది."

అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఎక్కడ చూడాలో తెలీక లాప్‌టాప్ మీద ఉన్న నా స్టిక్కరు వంక చూస్తూ చెప్పింది, పొడి, స్పిరిట్, పిండి, సద్దన్నం, అన్నీ వరసగా, ఏడవకుండా, హేచరీలో కొత్తగా చేరినదానికి పని నేర్పుతున్నట్టు. పనయ్యాక చేతులు కడుక్కోరా అనడిగారు. కడుక్కున్నా, చెరువు నీళ్లతో, కడిగితే పోయేదే అనుకున్నా, అంది. తెల్లజుట్టాయన ఏదో అన్నాడు, తెలుగాయన కాస్త తటపటాయించి చెప్పాడు. "మీ కూతుర్ని కాపాడుకోవడానికే మీరు ఈ మాట చెబుతున్నారని మేం అనుకోవచ్చు కదమ్మా అంటున్నారు."

నా పిడికిళ్లు బిగుసుకున్నాయి. అమ్మ మాత్రం కోపం తెచ్చుకోలేదు. రెండు చేతులూ ఎత్తి కెమెరాకి దగ్గరగా పెట్టింది, తెర నిండా ఆ పగుళ్లే.

"అబద్దమే చెప్పేదయితే ఇంకోళ్ల చెయ్యి చెప్తా సార్. హేచరీలో అంతమంది ఉండారు. నా బిడ్డకి నేనే మందు పెట్టినా అని ఏ తల్లి అయినా కావాలని చెప్పుకుంటాదా?"

తెలుగాయన దాన్ని హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చడానికి కాస్త ఆగాడు. చెప్పాక కుడివైపు కూర్చున్నావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఇంకా ఏవో అడిగారు, రేవతి గారు ఏవో చెప్పింది, నాకు సగం వినబడలేదు. నిర్ణయం తర్వాత తెలియజేస్తాం అన్నారు. నిషేధం ఉంటుందో, తగ్గుతుందో, ఎంత తగ్గుతుందో. తెర నల్లబడింది. దాంట్లో మేమిద్దరం కనబడ్డాం, పక్కపక్కన, కనకాంబరాలు ఒకవైపుకి జారి.

ఒడ్డు నుంచి పడవలు తోసే కేకలు వినబడుతున్నాయి. లేచి ఫ్యాను వేశాను. అప్పుడు తెలిసింది, ఆకలేస్తోంది. ఇన్నేళ్లూ పిలవకుండా పక్కన కూర్చోబెట్టిన ఆకలి, పొద్దుటిది, నెలనాటిది, అన్నీ కలిపి ఒక్కసారే లేచినట్టయింది. కంచం తీసి, కుండలో ఉన్న సద్దన్నం వేసి, అమ్మ ముందు పెట్టాను. అమ్మ చెయ్యి గరిటె కోసం వెతికింది. గరిటె తీసి నా వెనక పెట్టుకున్నాను.

"వద్దు మే. మళ్లా పరీక్షకి వస్తే?"

"నువ్వు ఆ పని మాని నెలయింది. రానీ."

"ఇంకా వాసన ఉందేమో అని నాకు..."

"అమ్మా, ముద్ద పెట్టకపోతే నేను పడవెక్కను."

 అమ్మ లేచి, పంచలో తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. కడుగుతోంది, మళ్లీ కడుగుతోంది, చెంబు మీద చెంబు. ఎంతసేపైనా కడుక్కోనీ. కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని. చంద్రమౌళి సార్ చూస్తే తిట్టేవాడు, చేతులు దించినందుకు.